9 అడుగుల షాపు, 12 నెలల బట్టలు

మా పిన్ని ఆరేళ్ళుగా ఇంట్లోనే బట్టలు అమ్ముతోంది. హాల్లో దివాన్ కాట్ మీద చీరలు, బీరువాలో కుర్తీలు, ఫ్రిజ్ పైన లెగ్గింగ్స్ కవర్లు. ఈ ఏడాది చీటీ పాడిన డబ్బుతో తెనాలిలో బోస్ రోడ్డుకి దగ్గర్లో ఒక సందులో షాపు అద్దెకి తీసుకుంది. అంతకుముందు అక్కడ సెల్ ఫోన్లు బాగుచేసే షాపు ఉండేది. 9 అడుగుల వెడల్పు, 17 అడుగుల లోతు, అంటే 153 చదరపు అడుగులు. అద్దె నెలకి 9,000. అగ్రిమెంట్ 11 నెలలకి.

ఈ 11 నెలల సంగతి నాకు కొత్త. రిజిస్ట్రేషన్ తప్పించుకోడానికని మన దగ్గర చాలామంది 11 నెలలకే రాసుకుంటారట. చూడ్డానికి చిన్న విషయమే కానీ షాపు లోపల ఏం కట్టాలి అన్న ప్రశ్న మొత్తం దీని చుట్టూనే తిరిగింది. 11 నెలల తర్వాత ఓనర్ గారు ఖాళీ చేయమంటే? గోడకి బిగించిన చెక్క పని అంతా వదిలేసి రావాలి.

పిన్ని అడిగించిన మొదటి ఎస్టిమేట్ 3,40,000 వచ్చింది. రెండు వైపులా గోడంతా ఫిక్స్‌డ్ అల్మరాలు, ఫాల్స్ సీలింగ్, మధ్యలో గాజు కౌంటర్. ట్రయల్ రూమ్ లేదు. "చోటు లేదు మేడమ్" అన్నారట. పిన్ని దగ్గర ఉన్నది మొత్తం 1,50,000, అందులోనే సరుకు కూడా కొంత కొనాలి. అప్పుడు నన్ను పిలిచింది. "ఏమే, కంప్యూటర్లో గీస్తారు కదా ఇలాంటివి, చూడు ఏమైనా" అంది. కంప్యూటర్ సైన్స్ అంటే ఇంటీరియర్ డిజైన్ కాదని చెప్పి ఉండొచ్చు. కానీ వేసవి సెలవులు, పనేం లేదు. ఆ రెండు నెలల్లో నేను చదివిందీ, కొలిచిందీ, కార్పెంటర్ గారి దగ్గర విన్నదీ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి షాపు పెట్టేవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

ముందుగా హ్యాంగర్ గురించి. పెద్దవాళ్ళ బట్టల హ్యాంగర్ వెడల్పు సుమారు 17 అంగుళాలు. దాని మీద కుర్తీ వేస్తే చేతులు కాస్త బయటికి వస్తాయి. గోడకి సమాంతరంగా రాడ్ పెట్టి వరసగా తగిలిస్తే గోడ నుంచి 22 నుంచి 24 అంగుళాల లోతు పోతుంది. షాపు వెడల్పు 108 అంగుళాలు. రెండు గోడలకీ రాడ్లు పెడితే 48 పోయి 60 మిగిలాయి. మధ్యలో 24 అంగుళాల టేబుల్ వేస్తే అటు 18, ఇటు 18. పద్దెనిమిది అంగుళాల్లో మనిషి పక్కకి తిరిగి నడవాలి. చేతిలో సంచీ, పక్కన పిల్లాడు ఉంటే అదీ కుదరదు. మనిషి మామూలుగా నడవాలంటే 36 అంగుళాలు వదలమని ఎక్కడ చూసినా ఉంటుంది.

అమెరికాలో పాకో అండర్‌హిల్ అనే ఆయన షాపుల్లో జనం ఎలా నడుస్తారో, ఎక్కడ ఆగుతారో ఏళ్ళ తరబడి చూసి, 1999లో 'వై వుయ్ బై' అని ఒక పుస్తకం రాశాడు. అందులో న్యూయార్క్‌లోని ఒక పెద్ద స్టోర్ సంగతి ఉంది. గుమ్మానికి దగ్గర్లో, జనం నడిచే దారిలో టైల స్టాండ్ పెట్టారు. ఆడవాళ్ళు వచ్చి టైలు చూస్తూ ఉంటారు, వెనక నుంచి వెళ్ళేవాళ్ళు ఒకటి రెండు సార్లు తగులుతారు, అంతే, టై వదిలేసి వెళ్ళిపోతారు. వెళ్ళిపోయామన్న సంగతి వాళ్ళకే తెలీదు. స్టాండ్ పక్కకి జరిపితే అమ్మకాలు పెరిగాయి. ఇది చదివి పిన్నికి చెప్తే, "దానికి పుస్తకం రాయాలా, మనకి తెలీదా" అంది. నిజమే, వెనక నుంచి తగిలితే ఎలా ఉంటుందో సిటీ బస్సు ఎక్కే ఏ అమ్మాయికీ ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ షాపు ప్లాన్ గీసేవాళ్ళు మాత్రం దాన్ని లెక్కలో వేసుకోరు. ఇరుకు షాపులో సరుకు ఎంత పడుతుంది అన్నది రెండో ప్రశ్న. ఒకామె వంగి కింద అరలో చూస్తుంటే ఆమె వెనక నుంచి ఇంకొకరు తగలకుండా వెళ్ళగలరా అన్నదే మొదటిది.

నేను మొదట ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. షాపు కొలతలు, రాక్‌ల కొలతలు ఇస్తే ఎక్కువ సరుకు పట్టే అమరిక చూపిస్తుంది. బాగానే చూపించింది, గోడౌన్ లాగా. ఎందుకంటే అది సరుకుని లెక్కపెడుతుంది, మనిషిని కాదు. మనిషిని కూడా ఒక డబ్బా అనుకుని ఇవ్వొచ్చు కానీ మనిషి వంగుతుంది, వెనక్కి అడుగేస్తుంది, చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకోడానికి దూరం జరుగుతుంది. అందుకని పాత ఈనాడు పేపర్లు తీసుకుని, ఒక్కో రాక్ సైజుకి మడిచి, ఖాళీ షాపులో నేల మీద పరిచాం. నడిచే దారులకి సుద్దముక్కతో గీతలు గీశాం. పిన్ని, అమ్మ, పక్కింటి ఆంటీ ముగ్గురూ ఒకేసారి లోపల తిరిగారు. ఎక్కడ ఒకరికొకరు తగిలారో అక్కడ పేపరు జరిపాం. నన్నడిగితే ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఇదే మంచి పద్ధతి, ఖర్చు సుద్దముక్క.

ఇప్పుడు అసలు చిక్కు. బట్టల షాపులో సరుకు ఏడాదంతా ఒకటే కాదు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి చీరలు. దసరా, దీపావళికి పిల్లల ఫ్రాకులు, కుర్తీలు. రంజాన్ ముందు డ్రెస్ మెటీరియల్స్. మా వైపు డిసెంబర్లో క్రిస్మస్‌కి, కొత్త సంవత్సరానికి తెల్లవి, లేత రంగువి చీరలూ, పొడుగు ఫ్రాకులూ బాగా పోతాయి. సంక్రాంతికి పట్టు లంగాలు. ఆషాఢంలో పాత సరుకు డిస్కౌంట్. చీర మడతపెట్టి అరలో పెట్టేది, కుర్తీ తగిలించేది, పిల్లల ఫ్రాకు తగిలించినా సగం ఎత్తు చాలు. ఫిక్స్‌డ్ అల్మరా కడితే ఒక సీజన్‌కి సరిపోతుంది, మిగిలిన నాలుగింటికి అడ్డం.

హాంకాంగ్‌లో గ్యారీ చాంగ్ అనే ఆర్కిటెక్ట్ తన 32 చదరపు మీటర్ల ఫ్లాట్‌ని 24 రకాలుగా మార్చుకునేలా కట్టుకున్నాడు. పైనున్న పట్టాల మీద గోడలే జరుగుతాయి. ఒక గోడ జరిపితే వంటిల్లు, ఇంకోటి జరిపితే బాత్‌టబ్. ఆ వీడియో కార్పెంటర్ గారికి చూపిస్తే చివరిదాకా చూసి, "బాగుందమ్మా, ఆ పట్టాలు జామ్ అయితే రిపేరుకి నన్ను పిలవొద్దు" అన్నారు. జరిగే గోడలు మనకొద్దు, గోడ మీద ఉన్నవి మారితే చాలు.

దానికి హార్డ్‌వేర్ షాపుల్లో దొరికేదే ఉంది, స్లాటెడ్ ఛానల్. నిలువుగా గోడకి బిగించే ఇనుప పట్టీ, దానికి పైనుంచి కిందదాకా దగ్గర దగ్గరగా గాట్లు. ఆ గాట్లలో బ్రాకెట్ గుచ్చితే కూర్చుంటుంది, పైకెత్తి లాగితే వచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఆ బ్రాకెట్ మీద చెక్క పెడితే అర, రాడ్ పెడితే హ్యాంగర్ల వరస, ఒంటి కమ్మీ పెడితే బట్ట ముందు భాగం కనిపించేలా తగిలించే చోటు. మా క్లాసులో ఇంటర్‌ఫేస్ అని చెప్తారే, అదే ఇది. గాటు మారదు, దానికి తగిలేది ఏదైనా కావచ్చు. ఒక జాగ్రత్త: ఛానళ్ళూ బ్రాకెట్లూ అన్నీ ఒకే కంపెనీవి, ఒకేసారి కొనాలి. గాట్ల మధ్య దూరం కంపెనీకొక రకంగా ఉంటుంది, తర్వాత ఇంకోచోట కొన్నవి కూర్చోవు.

గోడకి అయిదేసి ఛానళ్ళు, రెండేసి అడుగుల దూరంలో బిగించాం. నాలుగు అడుగులకొకటి పెడితే డబ్బు మిగులుతుంది కదా అనుకోవచ్చు. కానీ పట్టు చీర ఒక్కోటి ముప్పావు కిలో దాకా ఉంటుంది. అరకి నలభై పెడితే ముప్పై కిలోలు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయినా నాలుగు అడుగుల పొడవున అంత బరువు మోస్తే కొన్నాళ్ళకి మధ్యలో వంగుతుంది. ఒక్కో ఛానల్‌కి నాలుగు మేకుల లెక్కన రెండు గోడలకీ కలిపి 40 రంధ్రాలు. ఓనర్ గారిని ముందే అడిగాం. ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి ఇస్తామంటే ఒప్పుకున్నారు.

రాడ్ ఎత్తు గురించి కూడా చెప్పాలి. కుర్తీ పొడవు 46 అంగుళాలు, హ్యాంగర్ కొక్కెంతో కలిపి 50. అనార్కలి 54, కొక్కెంతో 58. రాడ్ 66 అంగుళాల ఎత్తులో పెడితే అనార్కలి అంచుకీ నేలకీ మధ్య 8 అంగుళాలు ఉంటుంది, తడిగుడ్డ పెట్టి తుడిచినా అంటదు. పిన్ని ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, స్టూల్ ఎక్కకుండా అందుతుంది. పిల్లల ఫ్రాకులైతే ఇదే ఛానల్ మీద పైనొకటి కిందొకటి రెండు రాడ్లు పెట్టొచ్చు, అంటే అదే గోడ రెట్టింపు పట్టుకుంటుంది. కుర్తీలకి అలా రెండు వరసలు పెడతానని ఎవరైనా అంటే నమ్మకండి. కింది వరసకే 50 పోతుంది, పై రాడ్ 100 అంగుళాలు దాటుతుంది, ప్రతి కుర్తీకీ కర్ర పెట్టి దించాలి.

మధ్యలో గాజు కౌంటర్ బదులు రెండు టేబుళ్ళు చేయించాం. పెద్దది 48 అంగుళాల పొడవు, 24 వెడల్పు, 33 ఎత్తు. చిన్నది దాని కిందకి దూరిపోతుంది. చీర పన్నా సుమారు 45 అంగుళాలు కదా, అందుకే 48. చీర పూర్తి వెడల్పున పరిస్తేనే అంచూ బుటాలూ కనిపిస్తాయి. కాళ్ళకి చక్రాలు, రెండింటికి బ్రేకులు. మామూలు రోజుల్లో టేబుల్ ఎడమ గోడకి ఆనుకుని అరల కిందకి వెళ్ళిపోతుంది, ఆ గోడ మీద మొదటి అర 36 అంగుళాల ఎత్తులో ఉంటుంది కాబట్టి. అప్పుడు ఎదురుగా కుడిగోడకి రాడ్లు 24, టేబుల్ 24, మధ్యలో నడవడానికి 60. ఇద్దరు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోవచ్చు.

శ్రావణంలో అంతా మారుతుంది. కుడిగోడ రాడ్లు తీసేసి 14 అంగుళాల అరలు, అదీ 54 అంగుళాల ఎత్తు నుంచే మొదలు. కింద ఖాళీ. అక్కడ నాలుగు స్టూళ్ళు. టేబుల్ బయటికి లాగితే దానికీ ఎడమ గోడ అరలకీ మధ్య పిన్ని నిలబడటానికి రెండు అడుగులు, ఇవతల వైపు కొనేవాళ్ళకి 46 అంగుళాలు. చీరలు కొనేవాళ్ళు కూర్చోవాలి. పెద్ద షాపుల్లో పరుపు మీద తెల్ల దుప్పటి వేసి కూర్చోబెడతారే, ఆ మర్యాద ఇరుకు షాపులో కూడా ఉండాలని పిన్ని పట్టు. నిలబెట్టి చీర అమ్మితే ఒకటి కొంటారు, కూర్చోబెడితే నాలుగు చూస్తారు అని ఆమె ఆరేళ్ళ లెక్క.

ట్రయల్ రూమ్ గురించి ఇంట్లో పెద్ద గొడవే అయింది. బాబాయ్ వద్దన్నాడు. నేను లెక్క వేసి చూపించాను. 42 అంగుళాలకి 42 అంగుళాలు, అంటే 12.25 చదరపు అడుగులు. అద్దె చదరపు అడుగుకి దాదాపు 59 రూపాయలు పడుతోంది, కాబట్టి ఆ గదికి నెలకి 720. రెండు మూడు కుర్తీల లాభం. సైజు సరిపోక మార్చడానికి వచ్చేవాళ్ళు ఇంట్లో అమ్మినప్పుడే నెలకి పదిమందికి తక్కువ లేరు. వేసుకుని చూసి కొన్నది వెనక్కి రాదు. బాబాయ్ లెక్కకి ఒప్పుకున్నాడు.

కానీ గది ఉంటే చాలదు, లోపలికి వెళ్ళే అమ్మాయికి భయం లేకుండా ఉండాలి. నా ఫ్రెండ్స్‌లో చాలామంది ట్రయల్ రూమ్ వాడరు, ఇంటికి తీసుకెళ్ళి వేసుకుంటాం అంటారు. కారణం మీకు తెలుసు. అందుకని కొన్ని పట్టుబట్టి చేయించాం. కర్టెన్ కాదు, తలుపు, లోపల గడియ. అద్దం ఇటుక గోడకే అంటించాం, వెనక ఖాళీ లేకుండా. పైన ఫాల్స్ సీలింగ్ లేదు, పాత సిమెంటు అటక అడుగు భాగమే, తెల్ల పెయింట్, ఒక్క సాదా లైటు. బొమ్మలు, పూల కుండీలు, స్మోక్ డిటెక్టర్ లాంటి డిజైన్లు, ఏవీ లేవు. రెండు వైపులా ఇటుక, మూడో వైపు ప్లైవుడ్, అది అటకదాకా వెళ్తుంది. తలుపు కింద 4 అంగుళాల ఖాళీ గాలికి. రెండు కొక్కేలు, ఒక స్టూల్, అంతే. చూడగానే దాచడానికి ఇక్కడ చోటు లేదు అని తెలిసిపోవాలి. తలుపు బయటి వైపు ఇంకో నిలువుటద్దం. ఎవరూ లోపల లేనప్పుడు తలుపు మూసి ఉంటే అదే షాపు అద్దం, చీర భుజాన వేసుకుని చూసుకోడానికి.

క్యాష్ కౌంటర్ ఎక్కడ అన్నది తాతయ్య తేల్చారు. షాపు తూర్పు ముఖం, కాబట్టి నైరుతి మూల, అంటే లోపలికెళ్ళాక వెనక ఎడమ పక్క. వాస్తు మీద నాకు పెద్ద నమ్మకం లేదు కానీ అక్కడ కూర్చుంటే గుమ్మం, రెండు గోడలు, ట్రయల్ రూమ్ తలుపు అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. వాదించడానికి నాకేం మిగల్లేదు.

తూర్పు ముఖంతో ఒక ఇబ్బంది ఉంది. పొద్దున్న ఎండ నేరుగా లోపలికొస్తుంది. ముందు తగిలించిన ముదురు రంగు కాటన్ రోజూ అదే ఎండలో ఉంటే భుజాల దగ్గర వెలిసిపోతుంది. అందుకే గుమ్మం నుంచి నాలుగు అడుగులు దాదాపు ఖాళీగా వదిలి, ఒక చక్రాల స్టాండ్ మాత్రమే పెట్టాం. దాని మీదవి రోజు విడిచి రోజు మారుస్తారు. ఎలాగూ గుమ్మం దాటగానే ఉన్నవాటిని జనం సరిగా చూడరని అండర్‌హిల్ కూడా అంటాడు, కళ్ళు లోపలి వెలుతురుకి అలవాటు పడటానికి కాస్త నడవాలట.

వెలుతురు అంటే గుర్తొచ్చింది. మన ఆడవాళ్ళు చీర చేతిలో పట్టుకుని షాపు బయటికి వెళ్ళి ఎండలో చూస్తారు కదా, అది చాదస్తం కాదు, ఫిజిక్స్. చీరా, దానికి మ్యాచింగ్ అని తెచ్చిన జాకెట్ గుడ్డా వేరే వేరే అద్దకాలతో రంగు వేసినవి. ఒక లైటు కింద రెండూ ఒకేలా కనిపించి, ఇంకో లైటు కింద తేడాగా కనిపించొచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. చవక ఎల్‌ఈడీ లైట్లలో ముదురు ఎరుపు తక్కువ, అందుకే మెరూన్, కుంకుమ రంగు చీరలు వాటి కింద చచ్చిపోయినట్టుంటాయి. ఎల్‌ఈడీ డబ్బా మీద సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది, ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. 100 అయితే పూర్తి మార్కులు. మామూలు లైట్లు 80 దగ్గర ఉంటాయి. మేం 90 దాటినవి, 4000 కెల్విన్ రంగువి తీసుకున్నాం. మొత్తం షాపులో డబ్బు ఎక్కువ పెట్టింది వీటి మీదే, ఫాల్స్ సీలింగ్ మానేస్తే మిగిలిన దాంట్లోంచి. అద్దం దగ్గర లైటు నెత్తిమీద కాకుండా రెండు పక్కలా పెట్టాం. పైనుంచి పడితే కళ్ళ కింద నీడలొచ్చి ఎంత మంచి డ్రెస్ అయినా జ్వరమొచ్చినట్టు కనిపిస్తాం.

సరుకు మొత్తం బయట పెట్టం. ఒక్కో డిజైన్‌కి ఒక పీసు తగిలించి, మిగతా సైజులు అటక మీద ప్లాస్టిక్ క్రేట్లలో. క్రేట్‌కి నంబరు, హ్యాంగర్ ట్యాగ్ మీద అదే నంబరు. ర్యామ్, హార్డ్ డిస్క్ లాగా అన్నమాట. విజయవాడ వస్త్రలత నుంచి పిన్ని కొత్త సరుకు తెచ్చిన రోజు ముందు క్రేట్లకి నంబర్లు పడతాయి, తర్వాతే గోడకి.

అంతా కలిపి 1,18,000 అయింది. ఇందులో సుమారు 85,000 పెట్టినవి, అంటే ఛానళ్ళు, అరలు, రాడ్లు, టేబుళ్ళు, లైట్లు, ట్రయల్ రూమ్ తలుపుతో సహా, విప్పి వేరే షాపుకి తీసుకెళ్ళగలిగేవే. సరుక్కి 32,000 మిగిలితే ఇంట్లో ఉన్న చీరలతో కలిపి శ్రావణం మొదటి వారంలో తెరిచారు.

శ్రావణం అమరిక నుంచి దసరా అమరికకి మార్చడానికి ఇద్దరికి ఒక రాత్రి రెండున్నర గంటలు పట్టింది. ఎక్కువసేపు బట్టలు తీసి మళ్ళీ సర్దడానికే, బ్రాకెట్ల పని అరగంట. మొన్న క్రిస్మస్ సరుక్కి మార్చినప్పుడు పిన్ని, షాపులో పనిచేసే అమ్మాయీ కలిసి గంటన్నరలో ముగించారు. ఏ బ్రాకెట్ ఏ గాటులో అన్నది నేను గోడ మీద పెన్సిల్‌తో చిన్న అక్షరాలు రాసి పెట్టాను, శ్రా, ద, క్రి అని. సంక్రాంతికి పట్టు లంగాలు, వాటికి రాడ్ రెండు వరసల్లో కావాలి. కుడిగోడకి రెండు జతల బ్రాకెట్లు తక్కువ పడుతున్నాయి. అదే కంపెనీవి తెప్పించమని హార్డ్‌వేర్ షాపాయనకి చెప్పి వచ్చాం, వచ్చే వారం వస్తాయన్నాడు.